ఐసాయన మూడు ఇంజెక్షన్లు

ఊరందరికీ చలి అమ్మి బతికే మనిషి మా ఆయన. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు, అందరికీ ఐసాయనే. పొద్దున్నే చేపల లారీలు గేటు ముందు హారన్ కొట్టేసరికి రెండు వందల ఐసు దిమ్మలు ఉప్పునీటి తొట్టిలోంచి పైకి లేచి వరసగా నిలబడాలి. నిలబడతాయి కూడా. అలాంటి మనిషి ఇంట్లో ఫ్రిజ్ తలుపు రబ్బరు ఊడిపోయి ఆరు నెలలైంది. తలుపు వేస్తే దానంతట అదే తెరుచుకునేది. నేను దానికి స్టూలు అడ్డం పెట్టి, స్టూలు కదలకుండా దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టి నెట్టుకొస్తున్నాను. రబ్బరు మార్పించండి అంటే రేపు అనేవాడు. మరీ గట్టిగా నిలదీస్తే, "దాన్నీ ఫ్రిజ్ అంటారా? బల్బున్న బీరువా అది" అని తేల్చేసేవాడు.

ఈ రబ్బరు గొడవ ముందే ఎందుకు చెబుతున్నానంటే, చివరికి అది మా వదిన ప్రాణం మీదికి వచ్చింది.

వదిన అంటే మా ఆయన అక్క. ముప్ఫై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పింది. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి తనే పెంచింది. మా ఆయన ఇప్పటికీ ఆమె ముందు చొక్కా పై గుండీ పెట్టుకునే నిలబడతాడు. ఏదైనా తప్పు చేస్తే ఎడమ చెవి వెనక గోక్కోవడం ఆయన అలవాటు. అది మొదట కనిపెట్టింది వదినే, పెళ్లైన వారంలోనే నాకు రహస్యంగా చెప్పింది. ఆడపడుచు నాకిచ్చిన పెళ్లికానుకల్లో ఇప్పటికీ పనికొస్తున్నది అదొక్కటే.

పోయినేడు వదినకు రక్తంలో జబ్బు వచ్చింది. మందులతో లొంగింది గానీ, మళ్లీ తిరగబెట్టక మానదని డాక్టరు చెప్పాడు. ఆయన చాలా పొడుగు, గుమ్మంలో తల వంచి లోపలికొస్తాడు, అందుకని మేం పొడుగు డాక్టరు అనుకునేవాళ్లం. ఎముకల లోపలి మజ్జలో మూలకణాలని ఉంటాయట. రక్తం పుట్టేది వాటిలోంచే. జబ్బు పట్టిన మజ్జను గట్టి మందులతో పూర్తిగా ఖాళీ చేసి, ఇంకొకరి మూలకణాలు ఎక్కిస్తే, అవి వెళ్లి ఎముకల్లో కుదురుకుని కొత్త రక్తం తయారు చేస్తాయట.

"అర్థమైంది డాక్టరుగారూ. తొట్టి ఖాళీ చేసి, కడిగి, కొత్త ఉప్పునీళ్లు పోయడం" అన్నాడు మా ఆయన.

డాక్టరు ఒక్క క్షణం ఆలోచించి, "దాదాపు అంతే" అన్నాడు.

తమ్ముడి రక్తం పరీక్ష చేస్తే అక్క రక్తంతో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఆ మాట విని వదిన, "పోనీలే, వాడు నాతో ఒక్క విషయంలోనైనా ఏకీభవించాడు" అంది.

ఇవ్వడం కూడా కోత, కుట్లు లేని పనే. ఐదు రోజులు రోజుకొక ఇంజెక్షన్ వేసుకుంటే మజ్జలోని మూలకణాలు పొంగి రక్తంలోకి వస్తాయి. ఐదో రోజు మిషన్ ముందు పడుకోబెట్టి, ఒక చేతిలోంచి రక్తం తీసి, గిరగిరా తిప్పి, మూలకణాలను మాత్రం సంచిలో పట్టుకుని, మిగిలిన రక్తాన్ని రెండో చేతిలోకి పంపిస్తారు. ఆ సంచి అదే రోజు వదినకు ఎక్కిస్తారు. అప్పటికి వదిన మజ్జ ఖాళీ అయిపోయి ఉంటుంది. ఇక వెనక్కి తిరగడానికి లేదు. తమ్ముడి దగ్గర్నుంచి సరిపడా రాకపోతే వదిన ఒంట్లో రక్తం పుట్టించే దిక్కే ఉండదు. డాక్టరు ఇది దాచకుండా చెప్పాడు. వదిన అడిగి మరీ చెప్పించుకుంది.

"సరిపడా అంటే ఎంత? అంకె చెప్పండి" అంది.

"మీ బరువులో కిలోకి నలభై లక్షల కణాలు వస్తే మాకు ఏ దిగులూ ఉండదు. ఇరవై లక్షల కంటే తగ్గకూడదు."

"నేను యాభై రెండు కిలోలు" అని వదిన తమ్ముడి వైపు తిరిగింది. "ఇరవై కోట్ల ఎనభై లక్షలు తేవాలిరా నువ్వు. చేతివేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చోకు."

మొదటి ఇంజెక్షన్ ఆసుపత్రిలోనే వేశారు. గుండీకి గడియారం తగిలించుకుని తిరిగే ఒక పెద్ద నర్సు ఉండేది, అన్నీ ఆవిడే చూసుకునేది. బొజ్జ మీద చర్మం పట్టుకుని ఎలా పొడుచుకోవాలో మా ఆయనకు నేర్పింది. తర్వాతి మూడు రోజులకూ మూడు సిరంజిలు తెల్లని థర్మోకోల్ పెట్టెలో సర్ది, పక్కన చలువ ప్యాకెట్టు పెట్టి ఇచ్చింది.

"ఫ్రిజ్‌లో పెట్టండి. గడ్డ మాత్రం కట్టకూడదు. వేసుకునే ముందు అరగంట బయట పెట్టండి. గడ్డ కట్టకూడదు, విన్నారా?" అంది.

మా ఆయన నవ్వుతూ తలూపాడు. చలి గురించి తనకు ఒకరు పాఠం చెప్పడం ఆయనకు వేళాకోళంగా ఉంది.

ఇంటికొచ్చాం. పెట్టె చేత్తో పట్టుకుని ఆయన ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. స్టూలు, దాని మీద ఇస్త్రీపెట్టె, సందులోంచి వెలుగుతున్న బల్బు. ముందురోజే అందులో పాలు విరిగిపోయాయి. నా ఒళ్లు మండింది.

"నా ఫ్రిజ్‌లో పెట్టకండి, అది బీరువా కదా! మీ ఫ్యాక్టరీలో పెట్టుకోండి. అక్కడ లేని చలి ఇక్కడెక్కడుంది?" అన్నాను.

నేనన్నది రబ్బరు కోసం, దెప్పడానికి. ఆయన మాత్రం దాన్ని మంచి సలహాగా తీసుకున్నాడు. పెట్టె పట్టుకుని అటునుంచి అటే వెళ్లిపోయాడు. నేను కూడా ఆ మాట అక్కడే మరిచిపోయాను.

నాలుగో రోజు పొద్దున ఆయన టిఫిన్ డబ్బా ఇంట్లో మరిచిపోతే ఇవ్వడానికి ఫ్యాక్టరీకి వెళ్లాను. దిమ్మలు నిల్వ చేసే ఐసు గది ముందు చిన్న గది ఒకటుంది. లోపలి చలి అందులోకి కాస్త కాస్తగా జారుతూ ఉంటుంది. అక్కడ మూడు నాలుగు డిగ్రీలకు మించదు, తగ్గదు అని మా ఆయన లెక్క. థర్మామీటరు చూడడు, అరచెయ్యి వెనక్కి తిప్పి గాల్లో పెట్టి చెబుతాడు. ఆ గదిలో చెక్క బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి చంకలో గట్టిగా ఇరికించుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతున్నాడు.

"ఏమైందండీ? జ్వరమా?"

ఉలిక్కిపడ్డాడు. చెయ్యి బయటకి తియ్యలేదు. ఎడమ చెయ్యి మాత్రం చెవి వెనక్కి వెళ్లింది.

నేను డబ్బా కింద పెట్టి ఆయన చంకలోంచి చెయ్యి లాగాను. సిరంజి. నీళ్లలా ఉండాల్సిన మందు మధ్యలో తెల్లటి ఐసు ముక్క ఇంకా తేలుతోంది. పక్కన థర్మోకోల్ పెట్టె మూత తీశాను. చలువ ప్యాకెట్టు రాయిలా ఉంది.

"ఇది గడ్డ కట్టింది" అన్నాను.

"కరిగిపోతోంది" అన్నాడు.

నిమిషంలో అంతా కక్కించాను. రెండో రోజు మందు బాగానే ఉందట. ఆ తర్వాత లారీల రద్దీ ఎక్కువై, దిమ్మలు లాగడానికి లోపలి తలుపు పూటంతా తెరిచి ఉంచారట. లోపలి ఫ్యాను గాలి తిన్నగా ఈ గదిలో పెట్టె ఉంచిన అరమీదికే కొట్టింది. మూడో రోజు పొద్దున చూస్తే సిరంజిలు గట్టిపడ్డాయి. భయపడి చంకలో పెట్టి కరిగించి, ఒకటి పొడిచేసుకున్నాడు. మిగిలినదాన్ని పగలంతా ఆఫీసు బల్ల మీద పెట్టి, సాయంత్రం అదే అరలో ఒక మూలకు జరిపాడు. అది మళ్లీ గడ్డ కట్టింది. ఇప్పుడు చంకలో ఉన్నది అదే.

"నిన్నే ఎందుకు చెప్పలేదండీ?"

"ఎలా చెప్పనే? అక్కకి మందులన్నీ ఎక్కించేశారు. తొట్టి ఖాళీ చేసేశారు" అన్నాడు. ఆయన పెదాలు వణుకుతున్నాయి. ఇరవై రెండేళ్ల కాపురంలో చలికి ఆయన పెదాలు వణకడం నేను చూడలేదు.

సిరంజి లాక్కుని పెట్టెలో పడేసి, ఆయన్ను లేపి, ఐసు మోసే వ్యానులో ఎక్కించి ఆసుపత్రికి పోనిమ్మన్నాను. దారి పొడుగునా తిట్టాను. చలి రాజువా నువ్వు అన్నాను. అరచేత్తో డిగ్రీలు కొలిచేవాడివి, రెండు ముక్కలు నోటితో చెప్పలేకపోయావా అన్నాను. మనిషివా, దిమ్మవా అన్నాను. కోపం నెత్తికెక్కితే నాకు మీరు, నువ్వు తేడా ఉండదు. ఆయన ఒక్క మాట తిరిగి అనలేదు. స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ నడిపాడు.

గడియారం నర్సు పెట్టె తెరిచి ప్యాకెట్టు నొక్కి చూసింది. ముఖం ముడుచుకుంది.

"ఎక్కడ పెట్టారు దీన్ని?"

"ఐసు ఫ్యాక్టరీలో సిస్టర్" అన్నాడు మా ఆయన.

"ఐసు ఫ్యాక్టరీలోనా!" అంది ఆవిడ. చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. "ఎవరు పెట్టమన్నారండీ అక్కడ?"

"ఎవరూ అనలేదు. నేనే పెట్టాను. నాకు తెలుసనుకున్నాను."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. స్టూలు, ఇస్త్రీపెట్టె, విరిగిన పాలు, నేనన్న మాట. దారంతా నేను దులిపేస్తుంటే ఆయనకు అది గుర్తు లేకపోలేదు. ఒక్కసారి, "నువ్వేగా పెట్టుకోమన్నావ్" అంటే చాలు, నా నోరు మూతపడేది. అనలేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"నేనే అన్నాను సిస్టర్. ఫ్యాక్టరీలో పెట్టమని నేనే అన్నాను" అన్నాను.

నర్సు మా ఇద్దరినీ ఒకసారి చూసింది. "ఎవరన్నారో రాసుకోవడానికి నా కాగితంలో గడి లేదమ్మా. ఎన్నిసార్లు గడ్డ కట్టిందో చెప్పండి, దానికుంది" అంది.

చెప్పాం. ఆవిడ మందులు చూసే అతనికి ఫోన్ చేసి, అటు నుంచి వినిపించిందల్లా రాసుకుంది. ఒకసారి గడ్డ కట్టి కరిగితే మందు బలం దాదాపు పోదట. రెండోసారి కడితే వాడకూడదట. అంటే మూడో రోజు వేసుకున్నది పనిచేసి ఉండొచ్చు. ఇవాళ్టిది చెత్తబుట్టకే. కొత్త సిరంజి తెప్పించి అక్కడే వేసేసింది.

"ఉండొచ్చు అంటే?" అన్నాను.

"అది ఆయన ఎముకలే చెప్పాలి" అని ఆయన వైపు తిరిగింది. "ఒళ్లు నొప్పులున్నాయా? నడుము, తొడలు, వెన్ను?"

"అబ్బే, ఏం లేవు సిస్టర్. నేను దిటవుగా ఉన్నాను" అన్నాడు మా ఆయన ఛాతీ విరుచుకుని.

నర్సు ముఖం వాడిపోయింది. నాకు అర్థమైంది. నొప్పి ఉండాలి. మందు పనిచేస్తే మజ్జ పొంగి ఎముకలు సలపాలి. ఈ మహానుభావుడేమో మర్యాద కోసం లేదంటున్నాడు.

"అబద్ధం సిస్టర్! నిన్నట్నుంచి మంచం మీంచి లేస్తే అమ్మా అంటున్నారు. చెప్పులు వేసుకోవడానికి వంగలేక గోడ పట్టుకుంటున్నారు. ఇందాక వ్యాను దిగడానికి రెండుసార్లు ఊగి దిగారు."

"నిజమేనా?" అంది నర్సు.

ఆయన తల దించుకుని, "నడుము పగిలిపోతోంది సిస్టర్" అన్నాడు.

"శుభం!" అంది ఆవిడ. ముఖం విప్పారింది. మొగుడి నడుము పగిలిపోతోందంటే ఇంత సంతోషించిన పెళ్లాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. కాసేపటికి రక్తపరీక్ష వచ్చింది. తెల్లకణాలు మామూలు కంటే నాలుగింతలు పెరిగాయి. మజ్జ మేలుకుంది. అయితే కావలసిన మూలకణాలు ఎన్ని వస్తాయన్నది రేపు సంచి నిండాకే తెలుస్తుందని నర్సు చెప్పింది. పొడుగు డాక్టరు కూడా వచ్చి, మమ్మల్ని తిట్టకుండా, రేపు పొద్దున్నే రండి అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

వెళ్లేముందు వదినను చూశాం. అద్దాల గదిలో ఉంది. లోపలికి ఎవరూ వెళ్లకూడదు, గోడకున్న ఫోనులో మాట్లాడాలి. జుట్టంతా రాలిపోయి, తల చిన్నపిల్లల తలలా ఉంది. కళ్లు మాత్రం ఎప్పటిలా లెక్క తప్పు వెతికే కళ్లే.

"ఇంజెక్షన్లు వేసుకుంటున్నావురా?" అంది.

"ఆ, అక్కా."

"అన్నీ?"

"అన్నీ" అన్నాడు. చెయ్యి చెవి వెనక్కి వెళ్లబోతే నేను చటుక్కున పట్టుకుని కిందికి దింపాను. వదిన ఆ చేతుల వంక చూసి, ఫోను నాకిమ్మంది.

"ఏం చేశాడు వీడు?"

వదినతో అప్పటిదాకా నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. "ఏం లేదు వదినా, ఒళ్లు నొప్పులు. మందు బాగా పనిచేస్తోందట" అన్నాను. వదిన కళ్లు మూసుకుంది.

మర్నాడు ఎనిమిదింటికల్లా మా ఆయన్ను మిషన్ పక్కన పడుకోబెట్టారు. ఐదో ఇంజెక్షన్ పడింది. పొద్దున తీసిన రక్తంలో కణాలు గీత దాటాయి, మొదలుపెట్టవచ్చు అని మిషన్ చూసే అమ్మాయి చెప్పింది. ఎంత దాటాయి అంటే, "గీత దాటాయి" అనే అంది మళ్లీ. రెండు మోచేతుల దగ్గరా సూదులు గుచ్చి టేపు వేసింది.

"ఐదు గంటలు ఈ చేతులు మడవకూడదు బాబాయిగారూ."

"ఐదు గంటలా?" అన్నాడాయన. ఆ మాట అనగానే ముక్కు దురద పుట్టింది.

ఆ రోజు నేను చేసిన పనులన్నిట్లోకీ గొప్పది ఆయన ముక్కు గోకడం. కుడివైపు, ఇంకాస్త పైకి, అక్కడ కాదు, ఆ అక్కడే. గంటకు పదిసార్లు. తర్వాత కళ్లద్దాలు జారడం. తర్వాత పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టుందని కంగారు. రక్తం గడ్డ కట్టకుండా కలిపే మందు వల్ల ఒంట్లో కాల్షియం తగ్గుతుందని, భయం లేదని, ఆ అమ్మాయి రెండు బిళ్లలు ఇచ్చింది. నేనే నోట్లో పెట్టి నీళ్లు తాగించాను.

కాస్త తేరుకోగానే ఆయన కళ్లు మిషన్ మీద పడ్డాయి. కంప్రెసర్లతో బతికినవాడు కదా, చెవి ఒగ్గి విన్నాడు.

"అమ్మాయ్, రెండో పంపు కొంచెం కీచుమంటోంది. అదిగో, దాని బేరింగు..." అంటూ చూపించడానికి చెయ్యి లేపాడు. మిషన్ ఒక్కసారి కుయ్యోమని అరిచి ఆగిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మాయి పరుగెత్తుకొచ్చి చెయ్యి చాపి సరిచేస్తే మళ్లీ తిరగడం మొదలెట్టింది.

"బేరింగు బాగానే ఉంది బాబాయిగారూ. మీరే కదలకూడదు" అంది.

ఇక ఆయన కదలలేదు. గొట్టాల్లో ఎర్రగా రక్తం వెళ్తోంది, వస్తోంది. పైన కొక్కేనికి వేలాడే చిన్న సంచిలోకి పండిన టమాటా రంగులో ఏదో చుక్క చుక్కగా దిగుతోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు. కాసేపయ్యాక నెమ్మదిగా, "చూడు, అక్కకి అదే కదా" అన్నాడు. నేను ఆయన నుదురు తుడిచాను. నిన్న వ్యానులో తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకోవాలనిపించింది. "రబ్బరు గురించి దెప్పడానికి అన్నానండీ ఆ మాట" అన్నాను. "తెలుసులేవే" అన్నాడు. "మరి నిన్న ఆ నర్సుతో..." అంటే, "ముక్కు" అన్నాడు. గోకాను.

ఒంటిగంట దాటాక సూదులు తీశారు. సంచి లెక్కపెట్టడానికి పట్టుకెళ్లారు. రెండు గంటలు పడుతుందన్నారు. వరండాలో బల్ల మీద కూర్చున్నాం. మా ఆయన మోచేతులకు రెండు వైపులా పట్టీలు, చేతులు ఇప్పుడు మడవొచ్చని చెప్పినా మడవడం లేదు. నాకు నోటంట మాట రావడం లేదు. నాకు మాట రాకపోవడం చూసి ఆయనకు ఇంకా భయం వేసింది. సరిపోకపోతే రేపు ఇంకోసారి కూర్చోబెడతారట. రేపూ చాలకపోతే? ఆ తర్వాతి మాట మేమిద్దరం పైకి అనలేదు. ఎదురుగోడ మీద గడియారాన్ని చూస్తూ కూర్చున్నాం.

గడియారం నర్సు దూరంగా నడవ మలుపు తిరిగింది. చేతిలో చిన్న చీటీ. ఆవిడ నడకలోంచి ఏమైనా తెలుస్తుందేమోనని చూశాను. ఏమీ తెలియలేదు. ఎప్పుడూ అంతే నడుస్తుంది.

"కిలోకి నలభై ఆరు లక్షలు" అంది.

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. మా ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు.

"నలభై దాటిందా సిస్టర్?"

"దాటింది. రేపు రానక్కర్లేదు. ఇవాళ్టికి మీ పని పూర్తయింది."

నేను ఆవిడ భుజం మీద పడి ఏడ్చేశాను. ఆవిడ గడియారం నా చెంపకు గుచ్చుకుంది. గుచ్చుకోనిచ్చాను. మా ఆయన ఆ చీటీ అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, పై గుండీ పెట్టుకున్నాడు.

సాయంత్రం అద్దం ఇవతల నిలబడి చూశాం. ఇంత గొడవ చేసిన సంచి, మామూలు సెలైన్ సంచిలా వేలాడింది. ముప్పావు గంటలో అయిపోయింది. మధ్యలో వదిన ఫోను అందుకుంది.

"చెయ్యి చల్లగా ఉందిరా" అంది.

మా ఆయన ముఖం పాలిపోయింది.

"ఐసు ఫ్యాక్టరీ వాడి సరుకు, చల్లగా కాక వేడిగా ఉంటుందా?" అని వదిన తనే నవ్వింది. ఆ నవ్వు చూశాక గానీ ఆయనకు ఊపిరి ఆడలేదు.

ఇంటికొచ్చాక ఆయన చేసిన మొదటి పని భోజనం కాదు, పడక కాదు. సంచీలోంచి కొత్త రబ్బరు తీశాడు. దారిలో వ్యాను ఆపి ఎక్కడికో వెళ్లొచ్చింది దానికోసమట. పట్టీలు వేసిన చేతులతోనే పాత రబ్బరు పీకి, కొత్తది తలుపు చుట్టూ నొక్కి కూర్చోబెట్టాడు. స్టూలు, ఇస్త్రీపెట్టె తీసేశాం. రబ్బరు పట్టిందో లేదో చూడ్డానికి తలుపు సందులో ఒక కాగితం పెట్టి, మూసి లాగాలట. తేలిగ్గా వచ్చేస్తే చలి పోతున్నట్టే. చేతికి దొరికిన కాగితం జేబులో చీటీయే. పెట్టి, మూసి, లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. రాలేదు. దాన్ని అక్కడే వదిలేశాం. తలుపు తీసినప్పుడల్లా పడితే మళ్లీ అక్కడే పెట్టేవాళ్లం.

పద్నాలుగో రోజున వదిన రక్తంలో తెల్లకణాలు కనిపించాయని ఫోనొచ్చింది. అంతకుముందు రోజుకు సున్నా. తర్వాత రెండు వందలు, తర్వాత ఆరు వందలు, తర్వాత వెయ్యిన్నర. వదిన ఆ అంకెలు ఏరోజుకారోజు ఫోనులో చదివి వినిపించేది. మా ఆయన వాటిని ఫ్యాక్టరీ గోడ మీద బొగ్గుతో రాశాడు. లారీల వాళ్లు అవి ఐసు దిమ్మల లెక్కనుకుని, ఇన్నేసి దిమ్మలు ఎప్పుడు తీస్తున్నారని అడిగేవాళ్లు.

ఆరు వారాలకు వదిన మా ఇంటికొచ్చింది. ముఖానికి మాస్కు, తలకు నూలు రుమాలు, నడకలో కాస్త తడబాటు. వచ్చిన పది నిమిషాలకే వంటింట్లోకి వెళ్లి నీళ్ల కోసం ఫ్రిజ్ తలుపు లాగింది. ఒకసారికి రాలేదు. రెండు చేతులతో గట్టిగా లాగితే వచ్చింది, చీటీ కింద పడింది. వదిన దాన్ని తీసి మడత విప్పింది.

"నలభై ఆరు లక్షలు ఇంటూ యాభై రెండు" అని చదివి, పెదాలు కదిపి, "ఇరవై మూడు కోట్ల తొంభై రెండు లక్షలు. ఇరవై కోట్ల ఎనభై అడిగితే మూడు కోట్ల పైన ఎక్కువే తెచ్చాడన్నమాట" అంది. తర్వాత తలుపు అంచు వేలితో తడిమి చూసింది. "ఈ రబ్బరు ఎప్పుడు మార్చారు?"

మా ఆయన చెయ్యి చెవి వెనక్కి వెళ్లింది. ఈసారి నేను ఆపలేదు. కూర్చోబెట్టి అంతా చెప్పాను. బీరువా దగ్గర్నుంచి, చంకలో సిరంజి దాకా. ఫ్యాక్టరీలో పెట్టమన్నది నేనని, అద్దం ముందు అబద్ధమాడింది నేనని కూడా చెప్పాను.

వదిన తమ్ముడి వైపు తిరిగింది.

"నాతో ఎందుకు చెప్పలేదురా?" అంది.

"నువ్వు లెక్కేసుకుంటావని, అక్కా."

"వేసుకున్నాను. నీ పెళ్లాం నీ చెయ్యి పట్టుకున్నప్పుడే తెలిసింది నాకు, ఏదో అయిందని. మీరు వెళ్లిపోయాక లెక్కేశాను. రెండు సమాధానాలు వచ్చాయి" అంది. మాస్కు పైన ఆమె కళ్లు తడిగా ఉన్నాయి, నవ్వుతున్నాయి కూడా. "ఒకటి కొట్టేసి పడుకున్నాను. రెండోది నువ్వు తెచ్చావు."

మా ఆయన ఏడ్చాడు. దాచుకోలేదు. వదిన ఆయన తల మీద చెయ్యి పెట్టి, "చాల్లే, ఊరుకో" అని, రెండో చేత్తో చీటీని మళ్లీ నాలుగు మడతలు పెట్టింది. లేచి ఫ్రిజ్ దగ్గరికెళ్లి, దాన్ని తలుపు సందులో ఉంచి, మూసి, కొస పట్టుకుని లాగింది. రాలేదు.

"బాగా పట్టింది" అంది.